వంటగదికి కరెంటు లైన్లు: ఒకటి చాలా, మూడు కావాలా, అయిదు వేయాలా?

విజయవాడలో మా అక్క వాళ్ల వంటగదిలో గట్టు మీదున్న స్విచ్ బోర్డు విప్పాను. పవర్ ప్లగ్ వెనక ఎర్ర తీగ అంగుళం మేర నల్లబడి ఉంది. స్క్రూ దగ్గర వేలు తగిలించగానే పై తొడుగు మాడిన అప్పడంలా రాలిపోయింది. ముందువైపు తిప్పి చూస్తే కుడి రంధ్రం చుట్టూ తెల్ల ప్లాస్టిక్ టీ రంగుకు తిరిగి, కొద్దిగా లోపలికి కుంగింది. ఆ బోర్డుకే అక్క పదేళ్లుగా రైస్ కుక్కర్ పెడుతోంది.

హాల్లో ఉన్న డీబీ, అంటే ఇంటి కరెంటు లైన్లన్నీ విడిపోయే పెట్టె, తెరిస్తే కారణం కనిపించింది. వంటగది మొత్తానికి ఉన్నది ఒకే లైను, అది కూడా రెండున్నర వైరు, అంటే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల మందం తీగ. మొదట దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి లైనును ఆపే స్విచ్, ఉండేదట. పొద్దునపూట అప్పుడప్పుడు పడిపోతోందని చెబితే, ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి దాన్ని తీసేసి 32 ఆంపియర్లది బిగించి వెళ్లాడు. "అప్పటినుంచి ఒక్కసారి కూడా పడలేదు తమ్ముడూ, బాగా చేశాడు" అంది అక్క. పడాల్సింది పడకపోవడం వల్లే తీగ మాడిందని ఆ బోర్డు విప్పేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

ఇరవై ఏళ్లుగా ఇళ్ల వైరింగ్ పనులు చేయిస్తున్నాను. వంటగది మార్చుకునేవాళ్లు టైల్స్, గ్రానైటు, అల్మరాల రంగు కోసం నాలుగు దుకాణాలు తిరుగుతారు. కరెంటు విషయానికి వచ్చేసరికి "ప్లగ్ పాయింట్లు ఎక్కువ పెట్టండి" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. పాయింట్లు ఎన్ని ఉన్నా, వెనక లైను ఒకటే అయితే బరువంతా దాని మీదే పడుతుంది. ఒక బావికి పది గిలకలు బిగించినంత మాత్రాన నీళ్లు పెరగవు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది లైన్ల సంఖ్య. డీబీలో ఒక ఎంసీబీ నుంచి బయలుదేరి కొన్ని ప్లగ్గులకు వెళ్లే తీగల జతను ఇక్కడ లైను అంటున్నాను.

ముందు పొద్దునపూట లెక్క

ఇంట్లో ఉన్న యంత్రాలన్నిటి వాట్లు కూడితే భయపెట్టే అంకె వస్తుంది, దానివల్ల ఉపయోగం లేదు. ఒకే సమయంలో ఏవేవి నడుస్తాయన్నదే అసలు లెక్క. చాలా ఇళ్లలో ఆ సమయం పొద్దున ఏడు, ఎనిమిది గంటల మధ్య. అక్కను కాగితం తీసుకుని రాయమన్నాను. ఇండక్షన్ పొయ్యి మీద ఇడ్లీ కుక్కర్: 2000 వాట్లు. బావగారి వేడినీళ్లకు కెటిల్: 1500. పచ్చడికి మిక్సీ: 750. రైస్ కుక్కర్: 700. మొత్తం 4950 వాట్లు. 230 వోల్టులతో భాగిస్తే 21.5 ఆంపియర్లు. ఫ్రిజ్, చిమ్నీ, నీళ్ల ఫిల్టరు ఇందులో ఇంకా కలపలేదు.

16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటిన మరుక్షణం పడిపోదు. ప్రమాణం ప్రకారం దాని మీదున్న అంకెకు 1.13 రెట్ల కరెంటు, అంటే 18 ఆంపియర్లు, గంటసేపు పారినా అది పడకూడదు. 1.45 రెట్లు, అంటే 23 ఆంపియర్లు పారితే గంటలోపు పడాలి. అక్క లెక్క 21.5 సరిగ్గా ఈ రెంటి మధ్యలో ఉంది. అందుకే ఒక రోజు పడేది, ఒక రోజు పడేది కాదు. దాని స్థానంలో వచ్చిన 32 ఆంపియర్లది గంటలోపు కచ్చితంగా పడాలంటే 46 ఆంపియర్లు పారాలి. రెండున్నర వైరు అంత మోయలేదు.

ఇక ఆ వైరు మోయగలిగేది ఎంత? గోడలోని పైపులో వేసిన పీవీసీ తొడుగు రాగి తీగ, చుట్టూ 30 డిగ్రీల వేడి ఉంటే సుమారు 24 ఆంపియర్లు మోస్తుంది. వేడి 40 డిగ్రీలకు చేరితే 21కి తగ్గుతుంది. అదే పైపులో మరో లైను తీగలు కూడా ఉంటే ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి 17 దగ్గర ఆగుతుంది. విజయవాడ, రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు, అందులోనూ పొయ్యి వెలిగే గదికి, 40 డిగ్రీలు ఎక్కువ వేసుకున్న లెక్క కాదు. రెండున్నర వైరుకు 16 ఆంపియర్ల ఎంసీబీ పెట్టడం ఇందుకే. ఎంసీబీ మొదట కాపాడేది మీ మిక్సీని కాదు, గోడలో ఉన్న తీగను. అది మాటిమాటికీ పడుతోందంటే లైను మీద బరువు తగ్గించమని చెబుతోంది. ఎవరైనా ఎంసీబీ పెద్దది వేస్తానంటే, తీగ కూడా మారుస్తున్నారా అని తప్పకుండా అడగండి.

ఒకటా, మూడా, అయిదా

ఒకే లైను కొన్ని ఇళ్లకు చాలు. గ్యాస్ పొయ్యి మీదే వంట, ఒక మిక్సీ, ఒక రైస్ కుక్కర్, ఫ్రిజ్, నీళ్ల ఫిల్టరు ఉన్న ఇంట్లో అన్నీ కలిసి నడిచినా ఏడెనిమిది ఆంపియర్లు దాటవు. అద్దె ఇల్లయితే, గోడలు పగలగొట్టే వీలు లేకపోతే, ఉన్న లైను తీగలు బాగున్నాయో లేదో చూసి, సాకెట్లు మార్చుకుని ఊరుకోవచ్చు. ఒక్క షరతు: వేడి పుట్టించే రెండో యంత్రం ఆ ఇంట్లోకి వచ్చిన రోజున ఈ ఏర్పాటు చాలదు. కెటిల్, ఎయిర్ ఫ్రయర్, ఓవెన్, ఇండక్షన్ పొయ్యి, ఏదైనా సరే. మోటార్లకు మొదలయ్యే క్షణంలోనే ఎక్కువ కరెంటు కావాలి, తర్వాత కుదురుకుంటాయి. వేడి యంత్రాలు నడిచినంతసేపూ లాగుతూనే ఉంటాయి.

సొంత ఇంట్లో పూర్తిగా మార్పులు చేసుకునేవారికి నేను సామాన్యంగా చెప్పేది మూడు లైన్లు. మొదటిది గట్టు మీద ప్లగ్గులకు: మిక్సీ, గ్రైండరు, కుక్కర్, కెటిల్. రెండోది ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ లాగే వేడి యంత్రానికి, దానికొక్కదానికే. మూడోది ఫ్రిజ్‌కు.

ఫ్రిజ్ 200 వాట్లు కూడా లాగదు కదా, దానికి విడిగా లైనెందుకని చాలామంది అడుగుతారు. బరువు కోసం కాదు. మీరు రెండు రోజులు తిరుపతి వెళ్లారనుకోండి. బయలుదేరే హడావిడిలో తడి గ్రైండరు ప్లగ్గులోనే ఉండిపోయింది, అందులో షార్ట్ సర్క్యూట్ వచ్చి లైను పడిపోయింది. ఫ్రిజ్ కూడా అదే లైను మీద ఉంటే, తిరిగొచ్చేసరికి పాలు, పెరుగు, పిండి అన్నీ పారబోసుకోవాలి. నీళ్ల ఫిల్టరును ఫ్రిజ్ లైనుకే కలిపినా ఇబ్బంది లేదు, అది లాగేది చాలా తక్కువ.

అయిదు లైన్లు ఎవరికి? ఇండక్షన్, ఓవెన్ రెండూ రోజూ వాడేవారికి, గిన్నెలు కడిగే యంత్రం ఉన్నవారికి, సింకు కింద చిన్న గీజరు పెట్టుకునేవారికి. మూడు లీటర్ల గీజరుకే 3000 వాట్లు కావాలి, అంటే 13 ఆంపియర్లు. దాన్ని ఇంకో యంత్రంతో ఒకే లైను మీద కలపకూడదు. అక్క వాళ్లింట్లో చివరికి తేలింది కూడా అయిదే: ఇండక్షన్, ఓవెన్, గట్టు, ఫ్రిజ్, సింకు కింద ఒకటి. ఆ అయిదోదానికి ప్రస్తుతం ఏ యంత్రమూ లేదు. వచ్చే ఏడాది గిన్నెలు కడిగే యంత్రం కొనాలని అక్క కోరిక. టైల్స్ అతికించాక ఆ తీగ లాగడం ఎంత కష్టమో నాకు తెలుసు కనుక ఇప్పుడే వేయించాను. దీపాలు, చిమ్నీ ఇంటి లైట్ల లైనులోకే వెళ్లాయి. వంటగది ప్లగ్గుల లైను పడిపోయినా చీకట్లో వేడినూనె ముందు నిలబడాల్సిన అవసరం రాకూడదు.

అమెరికాలో ఉన్న మా బంధువుల ఇళ్లలో వంటగది గట్టుకు కనీసం రెండు 20 ఆంపియర్ల లైన్లు ఉండాలని అక్కడి నిబంధనే చెబుతుంది. అక్కడ 120 వోల్టులు కాబట్టి అదే వాట్లకు ఆంపియర్లు ఇంచుమించు రెట్టింపవుతాయి. ఇంగ్లండులో 32 ఆంపియర్ల తీగను ఇల్లంతా చుట్టి తిరిగి డీబీకే తెచ్చే పద్ధతి ఉంది. అది చూసి ఇక్కడ కూడా అలా వేయమన్నవాళ్లున్నారు. అక్కడి ప్రతి ప్లగ్గులోనూ ఫ్యూజు ఉంటుంది, మన ప్లగ్గుల్లో ఉండదు. ఆ పద్ధతిని మన ఇళ్లలోకి తీసుకురావద్దు.

రెండున్నర వైరా, నాలుగు వైరా

నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ 40 డిగ్రీల్లో సుమారు 28 ఆంపియర్లు మోస్తుంది. పైపులో మరో లైను తోడున్నా 22 మోస్తుంది. దానికి 20 ఆంపియర్ల ఎంసీబీ చక్కగా సరిపోతుంది. అలాగని అంతటా నాలుగు వైరే వేయించడం కూడా మంచి పని కాదు. మందపు తీగ పైపు మలుపుల్లో లాగడం కష్టం. ఒక సాకెట్ నుంచి ఇంకో సాకెట్‌కు తీసుకెళ్లేటప్పుడు రెండు మందపు తీగలను ఒకే స్క్రూ కింద ఇరికించాలి. అక్కడ బిగుతు తగ్గితే వేడి పుడుతుంది. అక్క బోర్డులో మాడింది కూడా లైనులోని మొదటి సాకెట్టే. వెనకున్న ప్లగ్గులన్నిటి కరెంటూ ఆ ఒక్క స్క్రూ మీదుగానే పోయేది.

నా ఎంపిక ఇది. ఒకే యంత్రానికి వెళ్లే లైనుకు రెండున్నర వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ. నాలుగైదు ప్లగ్గులున్న గట్టు లైనుకు నాలుగు వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ. దీపాలకు ఒకటిన్నర వైరు చాలు. ఎర్త్ తీగను సన్నగా వేసి డబ్బు మిగిల్చే అలవాటు కొందరికి ఉంది. వంటగదిలో కరెంటు తెచ్చే ఫేజ్, తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్, లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్ మూడూ ఒకే మందం ఉండాలని నేను పట్టుబడతాను. ఎంసీబీల్లో బి, సి రకాలుంటాయి. మోటార్లు మొదలయ్యే కుదుపును సి రకం తట్టుకుంటుంది కాబట్టి మిక్సీ, ఫ్రిజ్ లైన్లకు అది మేలు. వేడి యంత్రాలకు ఏ రకమైనా పరవాలేదు.

తీగ తొడుగుల్లో ఎఫ్ఆర్ అని, ఎఫ్ఆర్ఎల్ఎస్ అని, హాలోజన్ లేనివి అని దొరుకుతాయి. మొదటిది మంటను త్వరగా అందుకోదు. రెండోది కాలినా పొగ తక్కువ. మూడోది పీవీసీలా ఘాటైన ఆమ్లవాయువు వదలదు. అపార్ట్‌మెంట్లలో మంట కంటే పొగకే ఎక్కువ భయపడాలి కాబట్టి కనీసం రెండో రకమైనా తీసుకోండి. ఐఎస్ఐ ముద్ర లేని తీగ చుట్టను ఇంట్లోకి రానివ్వద్దు.

పాత ఇళ్లలో అల్యూమినియం తీగలు, పింగాణీ ఫ్యూజులు ఇంకా ఉన్నాయి. అటువంటి తీగకు కొత్త రాగి తీగను మెలితిప్పి టేపు చుట్టడం కంటే, వంటగది వరకైనా డీబీ నుంచి పూర్తిగా కొత్తది లాగడం మేలు. రెండు లోహాల అతుకు కాలం గడిచేకొద్దీ వదులై, పొర కట్టి వేడెక్కుతుంది.

డీబీ దూరంగా ఉంటే

అయిదు లైన్లు హాలు చివరనున్న డీబీ దాకా తీసుకెళ్లాలంటే రెండు గదుల గోడలు కొట్టాలి. ఇంట్లో కాపురం ఉంటూ పని చేయించుకునేవారికి ఇది పెద్ద బాధ. దీనికి ఇంకో మార్గం ఉంది. డీబీ నుంచి ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగను 32 ఆంపియర్ల ఎంసీబీతో వంటగది బయటి గోడకు తెచ్చి, అక్కడ చిన్న డీబీ పెట్టి, అయిదు లైన్లూ దాని నుంచి విడదీయడం. గాడి ఒక్కటే కొట్టాలి. 32 ఆంపియర్లంటే 7300 వాట్ల పైమాటే. ఇండక్షన్, ఓవెన్, కెటిల్ మూడూ కలిసినా 5500 దగ్గరే ఉంటాయి. గీజరు, గిన్నెలు కడిగే యంత్రం, ఇండక్షన్, ఓవెన్ అన్నీ ఒకేసారి నడిచే ఇల్లయితే మాత్రం ఇది చాలదు. కొత్తగా కట్టే ఇంట్లో ప్రతి లైనూ పెద్ద డీబీకే తీసుకెళ్లండి. పాత ఇంట్లో, దూరం ఎక్కువైతే, నేను చిన్న డీబీవైపే మొగ్గుతాను. అక్కకు అదే చేశాం. చిన్న డీబీని సింకు పక్కనో, పొయ్యి పైనో, అల్మరా లోపలో మాత్రం పెట్టకండి.

పైపులు గట్టు వెంట అడ్డంగా వేయాలా, పైనుంచి దించాలా అన్నది కూడా చూసుకోవాలి. అడ్డంగా వేస్తే పైపు ఖర్చు తక్కువ. పైనుంచి, కప్పు దగ్గరగా తెచ్చి ప్రతి సాకెట్‌కూ నిలువుగా దించితే తీగ ఎక్కువవుతుంది, కానీ ఆ తర్వాత ఎవరైనా గోడకు మేకు కొట్టేటప్పుడు సాకెట్‌కు నేరుగా పైన కొట్టకూడదని తెలుస్తుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు పొడవునా అడ్డంగా గాడి కొడితే గోడ బలం తగ్గుతుంది. అపార్ట్‌మెంట్లో కాలమ్, బీమ్ జోలికి అసలే వెళ్లకూడదు. నిలువు దారికే నా ఓటు.

సాకెట్ల విషయంలో మూడు మాటలు. పొయ్యికి నేరుగా పైన వద్దు. సింకు నీళ్లు చిందేచోట వద్దు. ఓవెన్, గిన్నెలు కడిగే యంత్రాల వెనక వద్దు, పక్క అల్మరాలో పెడితే యంత్రాన్ని కదపకుండానే ప్లగ్గు తీయవచ్చు.

ప్రాణం కాపాడేది ఒకటి ఉంది

ఎంసీబీ తీగను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రావడం లేదని, ఎక్కడో నేలలోకి పోతోందని గమనించి లైనును కోసేస్తుంది. మనుషుల రక్షణకు 30 మిల్లీ ఆంపియర్లది కావాలి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా దుకాణంలో ఉంటాయి, అవి ఈ పనికి కావు. తడి చేతులు, తడి నేల, ఇనుప గ్రైండరు ఉన్న గదికి ఇది లేకుండా నేను పని ముగించను. అయితే ఇది అధిక బరువును పట్టుకోదు, కాబట్టి ఎంసీబీ కూడా ఉండాలి.

ఇంటికంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ ఉంటే ఖర్చు తక్కువ. కానీ పాత మిక్సీలో లీకేజీ వచ్చిన ప్రతిసారీ ఇల్లంతా చీకటవుతుంది. రెండుమూడుసార్లు అలా జరిగాక విసిగిపోయి, ఆ ఆర్‌సీసీబీనే తప్పించి నేరుగా కలిపేసిన ఇళ్లు చూశాను. రక్షణ కోసం పెట్టినదాన్ని ఇబ్బంది పడి తీసేసే పరిస్థితి రాకూడదు. అందుకని వంటగదికి విడిగా ఒకటి పెట్టించండి. వీలైతే ఫ్రిజ్ లైనుకు ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ కలిసి ఉండే ఆర్‌సీబీఓ పెట్టించండి, అప్పుడు గ్రైండరు తప్పుకు ఫ్రిజ్ ఆగదు. ఫ్రిజ్ పడిపోకూడదని దానికి ఆర్‌సీసీబీ రక్షణే లేకుండా చేయడానికి మాత్రం ఒప్పుకోవద్దు. పిల్లలు తడి చేతులతో పట్టుకునేది ఆ తలుపే.

విడివిడి ఆర్‌సీసీబీలు పెట్టినప్పుడు న్యూట్రల్ తీగలు కలవకూడదు. ఒకదాని ఫేజ్, ఇంకోదాని న్యూట్రల్ కలిస్తే ఏ లోపమూ లేకుండానే రెండూ పడుతుంటాయి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ఇన్వర్టర్ లైనుకు ఫేజ్ మాత్రమే విడిగా లాగి న్యూట్రల్ ఇంటిదే వాడేస్తారు. వంటగదికి ఇన్వర్టర్ లైను కావాలంటే ఫేజ్, న్యూట్రల్ రెండూ విడిగా తెప్పించి, దీపాలకూ నీళ్ల ఫిల్టరుకూ మాత్రమే ఇవ్వండి. ఇళ్లలో ఉండే చిన్న ఇన్వర్టర్లు మిక్సీని మొదలుపెట్టలేవు.

ఇంకొక్క విషయం. లైన్లు పెంచినంత మాత్రాన బయటి సర్వీసు పెరగదు. కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని కిలోవాట్లలో ఉంటుంది, ముందు అది చూసుకోండి. ఏసీలు, గీజర్లతో అది ఇప్పటికే నిండి ఉంటే అదనపు లోడ్‌కు మీ డిస్కమ్‌లో, అంటే కరెంటు పంపిణీ సంస్థలో, దరఖాస్తు పెట్టాలి. నాలుగు మంటల ఇండక్షన్ హాబ్ కొనేవారు దాని వెనక రాసిన వాట్లు తప్పక చదవాలి. కొన్ని 7000 దాటుతాయి, వాటికి 32 ఆంపియర్ల విడి లైను కావాలి, దాన్ని ప్లగ్గు ద్వారా కాకుండా ఐసొలేటర్ ద్వారా, అంటే లైనును పూర్తిగా విడదీసే పెద్ద స్విచ్ ద్వారా, నేరుగా కలపాలి. మూడు ఫేజుల సర్వీసు ఉన్నవారు వంటగది దీపాలను ఒక ఫేజ్ మీద, ప్లగ్గులను ఇంకో ఫేజ్ మీద ఉంచితే ఒకటి పోయినా రెండోది మిగులుతుంది.

టైల్స్ మేస్త్రీ రాకముందు రెండు పనులు చేయండి. గోడల్లో పైపులన్నీ కనిపించేలా ఫోనులో ఫొటోలు తీయండి, పక్కన కొలత టేపు పెట్టి మరీ. తర్వాత తాత్కాలికంగా సాకెట్లు బిగించి, మీ పొద్దునపూట యంత్రాలన్నీ ఒకేసారి అరగంట నడపండి. ఆ అరగంట తర్వాత ఒక్కొక్క సాకెట్ పలక మీద అరచేయి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఏదైనా ఉంటే మెయిన్ ఆపి, ఆ బోర్డు విప్పించి స్క్రూ బిగింపు చూడమనండి. ఆఖరున ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి. టక్కుమని పడిపోవాలి. అక్క చిన్న డీబీ తలుపు లోపల కాగితం అంటించి "గట్టు, ఇండక్షన్, ఓవెన్, ఫ్రిజ్, సింకు" అని తన చేత్తో రాసుకుంది, నెలకోసారి బటన్ నొక్కిన తేదీ కింద వేస్తోంది.